సిద్ర చెట్టు మీద అల్లిన పీట

ఎవరింటికి వెళ్ళినా నేను ముందు మనుషుల మొహాలు చూడను. వాళ్ళు ఎలా కూర్చున్నారో చూస్తాను. ఏ కాలు మడిచారు, ఏ పక్కకు ఒరిగారు, చెయ్యి ఎక్కడ ఆనించారు, ఎంతసేపటికి కదిలారు. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. బంధువుల అమ్మాయికి సంబంధం చూడ్డానికి వెళ్ళి, పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగితే "కుడి తుంటి మీదనే కూసుంటుండు, ఎడమ మోకాలు సరిగ లేనట్టుంది" అన్నానట. ఆ పిల్లవాడు ఇప్పుడు వాళ్ళ అల్లుడు, నాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటాడు. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తొంభైలలో ఖతార్‌లో అంటుకుంది. ఒక పెద్దాయన వేట కోసం చెట్టు మీద పీట చేయబోయి తెచ్చుకున్నాను.

మాది నిజామాబాద్ జిల్లాలో వడ్రంగుల ఇల్లు. నాగళ్ళు, బండి చక్రాలు, మంచాలు చేసిన చేతులు మావి. ఖతార్ వెళ్ళాక ఆ చేతులకు షట్టరింగ్ పని దొరికింది. కాంక్రీటు పోయడానికి చెక్కలతో పెట్టె కట్టాలి, అది గట్టిపడగానే పెట్టె పీకి పారేయాలి. దోహాలోని వెస్ట్ బేలో లేస్తున్న ఒక భవనానికి నేను ఏడాది పాటు అలాంటి పెట్టెలు కట్టాను. నేను చేసింది ఒక్కటీ అక్కడ మిగల్లేదు. ఊళ్ళో మా అమ్మ మాత్రం కొడుకు దుబాయ్‌లో మేడలు కడుతున్నాడని అందరికీ చెప్పుకునేది. ఇది దుబాయ్ కాదు, ఖతార్ అని ఉత్తరంలో రాస్తే, ఆ ఊరు దుబాయ్‌కి ఏ పక్కన అని తిరుగు ఉత్తరంలో అడిగించింది.

ఒక రోజు ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్‌లో ఫోర్‌మన్ నన్ను పిలిచి సంచి సర్దుకోమన్నాడు. మా అర్బాబ్‌కి, అంటే కంపెనీ యజమానికి, అల్ ఖోర్ ఊరు దాటాక ఒక తోట ఉంది. అక్కడ మేకల కొట్టానికి తలుపులు చేయాలి. నెల రోజుల పని. నాకు ప్రాణం లేచి వచ్చింది. తలుపు అంటే చేశాక కూడా అక్కడే ఉండేది కదా.

తోట అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక చిన్న ఇల్లు, మేకల కొట్టం, ఒక బోరు, మేకలు నీళ్ళు తాగే సిమెంటు తొట్టి, రెండు వరసల ఖర్జూర చెట్లు, వాటికి దూరంగా ఒంటరిగా ఒక పెద్ద చెట్టు. దాన్ని సిద్ర అంటారని తర్వాత తెలిసింది. నేను మాత్రం ఆకు తుంచి చూసి, కొమ్మ మీద ముల్లు చూసి, కింద రాలిన పండు కొరికి, ఇది మన రేగుచెట్టే అనుకున్నాను. మన రేగు ఇంత ఎత్తు, ఇంత లావు ఎక్కడ పెరుగుతుంది? అయినా గింజ అదే, వగరు అదే. అంత దూరంలో సొంత ఊరి మనిషి కనబడ్డట్టు సంతోషపడి రెండు పళ్ళు జేబులో వేసుకున్నాను.

ఆ పళ్ళు ఏరుతూ తలెత్తి చూస్తే, చెట్టు మీద ఒక కుర్చీ ఉంది.

ఇనప కుర్చీ. కాళ్ళు పెట్టుకోవడానికి కింద ఒక బద్దె, నల్లటి స్పాంజి మెత్త, మాను చుట్టూ బిగించే గొలుసులు. విదేశాల నుంచి తెప్పించిన సరుకని చూస్తేనే తెలుస్తోంది. దానికి ఆనించి ఇనప నిచ్చెన. చెట్ల కోసం ఎడారిలో మైళ్ళకొద్దీ వెతకాల్సిన దేశంలో, ఉన్న ఒక్క చెట్టెక్కి కుర్చీ వేసుకున్నది ఎవరా అని నాకు ఒకటే ఆరాటం. తలుపుల పని మొదలుపెట్టాను గానీ చూపంతా అటే ఉంది.

గురువారం సాయంత్రం దోహా నుంచి కారు వచ్చాక సంగతి తెలిసింది. కారు తోలేది కడప జిల్లా మనిషి. అర్బాబ్ ఇంట్లో హౌస్ డ్రైవరు, నాకంటే పదేళ్ళు పెద్ద. కారులోంచి దిగింది అర్బాబ్ తండ్రి. చేతికర్ర, కందూరా అనే తెల్లటి పొడుగు అంగీ, ఎండకి చిట్లించీ చిట్లించీ చిన్నవైన కళ్ళు. ఆయన దిగగానే నేరుగా చెట్టు దగ్గరికి నడిచి ఆ కుర్చీ వైపు చూసి కర్రతో నిచ్చెనని ఒక్కటి కొట్టాడు.

"ఆ కుర్చీ ఎందుకన్నా?" అని డ్రైవరన్నని అడిగాను.

"అది పెద్దాయన వేట కుర్చీబ్బా. తెల్లారుజామున గువ్వలు తొట్టికాడికి నీళ్లకు వస్తాయి. కింద కూర్చుంటే మనిషిని చూసి రావు. ఆకుల్లో కూర్చుంటే వస్తాయి. పోయిన నెల ఆ కుర్చీలో కూర్చున్యాడు, కాళ్లు కింది బద్దెకు అందక యాలాడి యాలాడి రెండూ తిమ్మిరెక్కినాయి. దిగనీకి కాక పైనుంచి కేకలేసినాడు. నేనూ, కొడుకూ కలిసి దింపేటప్పటికి మా తల ప్రాణం తోకకొచ్చింది."

పెద్దాయన వయసులో ఉన్నప్పుడు డేగల్ని పట్టుకుని ఎడారంతా తిరిగిన వేటగాడట. తుంటి ఎముక విరిగాక అది పోయింది. మిగిలింది ఈ చెట్టు, ఈ గువ్వలు. ఇప్పుడు అదీ పోయేలా ఉంది. కొడుకు తేల్చి చెప్పేశాడు. రెండు వారాల తర్వాత శుక్రవారం తనే వచ్చి చూస్తాడు. వెలుతురు వచ్చినప్పటి నుంచి సూర్యుడు ఖర్జూర చెట్ల తలల మీదికి లేచేవరకు పెద్దాయన ఎవరినీ పిలవకుండా చెట్టు మీద కూర్చోగలగాలి. ఎవరి సాయమూ లేకుండా దిగాలి. లేదంటే తుపాకీ బీరువాలోకి, పెద్దాయన దోహా ఇంట్లోకి. తోటకి రావడం ఇక ఉండదు.

"రెండు గువ్వల కోసం ఇంత రాద్ధాంతమా అన్నా?"

"గువ్వలు ఎవురిక్కావాల? పోయినేడంతా కలిపి ఏడెనిమిది కొట్నాడేమో. దోహాలో ఆయన్ని టీవీ ముందర కూర్చోబెడ్తారు. ఈడ ఆయన వేటగాడు. అంతే తేడా."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. షట్టరింగ్ పెట్టెలు పీకి పారేసేవాడికి అది అర్థం కాకుండా ఎలా ఉంటుంది? అందుకే కాబోలు, నోరు జారాను.

"మా ఊర్ల మంచెలు కడ్తం అన్నా. మా మేనమామ అడివి పందుల కోసం రాత్రంత మంచె మీదనే కూసునేటోడు. కుర్చీ గిర్చీ ఏం లేదు. నేను చేస్త దీనికంటె మంచిది."

నేను డ్రైవరన్నతో మాత్రమే అన్నాను. ఆయన ఆగకుండా అరబ్బీలో పెద్దాయనకి చెప్పేశాడు. చెప్పడంలో కొంచెం పెంచి కూడా చెప్పినట్టున్నాడు. పెద్దాయన నా దగ్గరికి వచ్చి నన్ను కింద నుంచి మీదికి చూశాడు. పాతకాలపు దోహా వాళ్ళకి బొంబాయి వర్తకుల వల్ల నాలుగు హిందీ ముక్కలు వచ్చు.

"నజ్జార్, తుమ్ బనాయేగా?" అన్నాడు. నువ్వు చేస్తావా అని. నజ్జార్ అంటే వడ్రంగి. అక్కడ ఉన్నన్నాళ్ళూ అదే నా పేరు.

"బనాయేగా, బాబా," అన్నాను. అనకుండా ఎలా ఉంటాను, ఒకసారి కోతలు కోశాక.

వారంలో మొదటి పీట తయారైంది. మా మేనమామ మంచె ఎలా ఉండేదో తల్చుకుని అలాగే చేశాను. ఇనప కుర్చీ విప్పేసి, రెండు పెద్ద కొమ్మల మధ్య నాలుగు పట్టెల చట్రం, దాని మీద మంచం అల్లినట్టు నైలాన్ తాడుతో బిగుతుగా అల్లిక. నేనే ఎక్కి కూర్చుని చూసుకున్నాను. బాగుంది. గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేయవచ్చు. గంటసేపు కూర్చున్నా నాకు ఏమీ కాలేదు. లోలోపల పొంగిపోయాను.

శుక్రవారం తెల్లవారగానే పెద్దాయన ఎక్కాడు. నేను కొట్టం వెనక నిలబడి చూస్తున్నాను. ఆయన కదిలిన ప్రతిసారీ నైలాన్ తాడు చెక్కకి రాసుకుని కిర్రుమంటోంది. తొట్టి దాకా వచ్చిన గువ్వలు ఆ చప్పుడుకి లేచిపోయాయి. పావుగంట కాకుండానే ఆయన కర్రతో చెట్టుని కొట్టాడు, దింపమని.

దిగాక తుంటి పట్టుకుని కాసేపు నిలబడి, "నజ్జార్, మాఫీ జైన్," అన్నాడు. మాఫీ అంటే లేదు, జైన్ అంటే బాగు. ఆ తర్వాత అరబ్బీలో ఇంకేదో అన్నాడు. డ్రైవరన్న నవ్వాపుకుంటున్నాడు.

"ఏమన్నడు?"

"నీకు సరిపోయే పీట చేసుకున్నావంట. నీకు గువ్వలు కావాల్నంటే రోజూ ఎక్కి కూర్చోమంటాండాడు."

ఎకసెక్కమే గానీ అందులో తప్పు లేదు. నేను కొలిచింది నా తొడలే, నా మోకాళ్ళే. అర్బాబ్ కన్న తండ్రి దగ్గరికి టేపు పట్టుకుని వెళ్ళి, మీ తుంటి ఇటు ఇవ్వండి, కొలుచుకుంటాను అని ఎలా అడుగుతాను? మా దగ్గర మంచానికి మనిషిని కొలవరు. చనిపోయినవాళ్ళనే కొలుస్తారు. అందుకని పెద్దాయన శరీరాన్ని నా శరీరం లాంటిదేనని అనుకుని పని కానిచ్చేశాను. కడప అన్న ఆ రోజంతా నన్ను వదల్లేదు. అన్నం తినేటప్పుడు కూడా, "కూర్చునేది బాగుందా బ్బా, గొంతుక్కూర్చుంటావా?" అని అడిగాడు.

కొడుకు పెట్టిన గడువు ఇక వారమే ఉంది. ఈ వారం పెద్దాయన దోహా వెళ్ళనన్నాడు. డ్రైవరన్నని కూడా ఆపేసుకుని తోటలోనే ఉండిపోయాడు. నాకు మేకల కొట్టం తలుపుల మీద ధ్యాస లేదు. ఆయన ఎలా కూర్చుంటాడు? అదే ఒకటే ప్రశ్న. మజ్లిస్‌లో అంటే అతిథుల గదిలో, దిండ్ల మీద కూర్చున్నప్పుడు కిటికీలోంచి చూడబోతే పని మానేసి తొంగి చూస్తున్నానని అనుకుంటారు. పైగా కందూరా అంత వదులు బట్ట. లోపల ఏ కాలు ఎక్కడ ఉందో బయటికి తెలియదు.

దారి ఇసుకే చూపించింది. పెద్దాయన రోజూ సాయంత్రం పూట చెట్టు నీడలో వచ్చి కూర్చునేవాడు. తివాచీ పరుస్తామన్నా వద్దనేవాడు. ఇసుకనే అటూ ఇటూ ఒత్తుకుని అందులో ఇమిడిపోయి, చీకటి పడబోయే వేళ నమాజుకి లేచి వెళ్ళేవాడు. ఒకరోజు ఆయన లేచిన చోటికి వెళ్ళి చూశాను. ఆయన కూర్చున్న తీరంతా ఇసుకలో పడి ఉంది. ఎడమ వైపు గుంట లోతు, కుడి వైపు పలచన. ఎడమ కాలు మడిచిన గుర్తు ఒక చాలు లాగా. కుడి పాదం నేలకి ఆనిన గుర్తు, అంటే కుడి మోకాలు పైకి లేపి ఉంచుతాడు. కాళ్ళు వేలాడదీసే మనిషి కాదు, గొంతుక్కూర్చునే మనిషీ కాదు. ఇనప కుర్చీ, నా మంచె, రెండూ ఎందుకు పనికిరాలేదో అక్కడే తెలిసిపోయింది.

గబగబా మోకాళ్ళ మీద కూర్చుని జానలతో కొలిచాను. వెడల్పు రెండు జానల బెత్తెడు. ఎడమ గుంట లోతు నాలుగు వేళ్ళు. పాదానికీ గుంటకీ మధ్య జానెడు మీద మూడు వేళ్ళు. చెక్క ముక్క మీద పెన్సిలుతో రాసుకుని, ఎవరూ చూడలేదు కదా అని వెనక్కి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం పెద్దాయన ఎప్పటిలాగే చెట్టు దగ్గరికి వచ్చి, కూర్చోకుండా అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు గాలి లేదు. వంగి నేల చూస్తున్నాడు. కర్ర కొనతో ఒక్కో చోట చూపిస్తూ తనలో తను ఏదో అనుకుంటున్నాడు. తర్వాత తలెత్తి, "నజ్జార్!" అని అరిచాడు.

నేను పరుగెత్తాను. డ్రైవరన్న కూడా పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేసినావ్ రా సామీ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

పెద్దాయన కర్రతో చూపించాడు. ఇక్కడ రెండు మోకాళ్ళు. ఇక్కడ ఎడమ అరచెయ్యి ఆనింది. ఇదిగో బొటనవేలు, ఇదిగో చిటికెన వేలు, మళ్ళీ బొటనవేలు, మళ్ళీ చిటికెన వేలు. జానలు పెట్టుకుంటూ నేను చేసిన చిన్న చిన్న గుంటలు ఆయన గుంట చుట్టూ బారులు తీరి ఉన్నాయి. నేను చూసుకోనే లేదు. ఆయన నా కుడి చెయ్యి పట్టుకుని వేళ్ళు చాపి ఆ గుంటల మీద ఆనించాడు. అచ్చంగా సరిపోయింది.

"మేరా జగా చోరీ కర్తా?" అన్నాడు. నా చోటు దొంగిలిస్తావా అని.

చెక్క ముక్క మీద రాసుకున్న కొలతలు డ్రైవరన్నకి చూపించాను. పీట కోసమని, అడగడానికి భయపడి ఇలా చేశానని డ్రైవరన్నే చెప్పాడు. పెద్దాయన విన్నాడు. చిన్న కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. తుంటి పట్టుకుని, కర్ర మీద ఆనుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. జింకల జాడ, కుందేళ్ళ జాడ, దారి తప్పిన ఒంటెల జాడ తీసిన మనిషట ఆయన. ఇంతకాలానికి తన జాడ ఒకడు తీశాడు, అదీ ఒక వడ్రంగి, అదీ కూర్చున్న జాడ.

నవ్వడం అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తప్పు చూపించాడు. నా మోకాలి గుర్తు కింద కర్ర కొన ఆనించి ఏదో అన్నాడు.

"ముఖ్యమైన గుర్తు నువ్వే చెరిపేసినావంట," అని డ్రైవరన్న చెప్పాడు. "జాడ చూసేటోడు ముందు ఊరికే చూడాల్నంట. నువ్వు కొల్చనీకి ఎగబడి దాని మీదనే మోకాలేసినావ్."

పెద్దాయన మళ్ళీ కూర్చుని, లేచి చూపించాడు. అప్పుడు కనబడింది. ఎడమ తుంటికి జానెడు వెనగ్గా ఒక లోతైన గుంట. అది ఎడమ మోచెయ్యి ఆనిన చోటు. ఆయన విరిగిన తుంటి కుడిది. బరువంతా ఎడమ తుంటి మీద, ఎడమ మోచేతి మీద వేసి కూర్చుంటాడు. మోచేతికి ఆనుడు లేకపోతే ఎంత మెత్తటి పీట అయినా పావుగంటే. ఒక మనిషి నొప్పిని నేల మీద చదవడం అదే మొదటిసారి. సిగ్గు వేసింది.

"యల్లా, టేపు లావ్," అన్నాడు పెద్దాయన, ఇక పద, టేపు తెచ్చుకో అని, కుడి కాలు చాపి. ఆ రోజు ఆయన్ని తల నుంచి పాదం దాకా కొలుచుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నేను, పెద్దాయన ఇద్దరం చేశాం ఆ పీట. మాటలు తక్కువ. ఆయనకి తెలిసిన హిందీ, నాకు తెలిసిన హిందీ కలిపినా ఒక పూటకి సరిపోవు. నైలాన్ తాడు చప్పుడని విప్పేస్తుంటే ఆయన లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చాడు. తన పాత గుడారం తాళ్ళు. నూలువి, వాడీ వాడీ గుడ్డలా మెత్తబడ్డవి. వాటితో ఇంకేం పని లేదు, నీ పీటకి వాడుకో అన్నట్టు నా ఒళ్ళో పడేశాడు. ఆ తాడు చెక్క మీద ఎంత లాగినా చప్పుడు చెయ్యదు.

అల్లిక మంచం అల్లికే, కానీ ఎడమ వైపు నాలుగు వేళ్ళు వదులుగా వదిలాను, గుంట పడేలా. కుడి వైపు బిగుతు. కుడి పాదం ఆనడానికి ముందు ఒక అడ్డ చెక్క. ఎడమ పక్క మోచేతి కోసం మూరెడు కొయ్య, మీద మేకతోలు చుట్టి. తుపాకీ ఒళ్ళో పెట్టుకుంటే బరువని కొమ్మకి ఒక కొక్కెం. నేను మంచానికి కాళ్ళ వైపు పెట్టినట్టే దీనికీ బిగింపు తాడు పెట్టాను, సడలితే లాక్కోవచ్చని. అది చూసి పెద్దాయనకి ఎంత నచ్చిందో, చిన్నపిల్లాడిలా పదిసార్లు బిగించి, వదిలి చూసుకున్నాడు.

ఒక దెబ్బ మాత్రం తిన్నాను. బుధవారం తెల్లవారగానే నేనే ఎక్కి కూర్చుంటే పీట చెక్క బల్లలా ఉంది. రాత్రి చూసినప్పుడు మెత్తగా ఉన్నదే. ఆ దేశంలో ఎండ ఎంతో మంచూ అంతే, తెల్లారేసరికి ఆకుల మీంచి నీళ్ళు కారతాయి. నూలు తాడు తడిస్తే బిగుసుకుంటుంది. మా ఊళ్ళో మంచాలు ఇంట్లోనే ఉంటాయి కాబట్టి ఆ సంగతి నాకు తట్టలేదు. మళ్ళీ మొత్తం రెండు వేళ్ళు వదులు చేశాను. పగలు చూస్తే వేలాడుతున్నట్టు ఉంటుంది, తెల్లవారుజామున సరిగ్గా ఉంటుంది.

నడుముకి ఒక పట్టీ కూడా కుట్టాను, పడకుండా. పెద్దాయన దాన్ని నా చేతిలోంచి లాక్కుని మేకల వైపు విసిరేశాడు. తనని కట్టేయడానికి తనేమన్నా మేకా అని అడిగాడు. దాని గురించి ఇంకో మాట ఎత్తనివ్వలేదు.

శుక్రవారం వచ్చింది. కొడుకు గురువారమే దిగాడు. మర్యాదస్తుడే, నన్ను చూసి తలుపులు బాగున్నాయి అన్నాడు. కానీ పీట దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన మెట్లు ఒక్కొక్కటి ఊపి చూశాడు. ఆయన భయమూ ఆయనది. పోయిన నెల తండ్రిని భుజాల మీద దింపుకున్న మనిషి కదా.

తెల్లవారుజామున పెద్దాయన ఎక్కాడు. కుడి కాలు నెమ్మదిగా, ఎడమ కాలు ముందుగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఆకుల్లో సర్దుకున్నాడు. ఎడమ మోచెయ్యి కొయ్య మీద ఆనిన చప్పుడు కూడా వినబడలేదు. కొడుకు, డ్రైవరన్న దూరంగా ఖర్జూర చెట్ల దగ్గర కారులో కూర్చున్నారు. అక్కడి నుంచి వాళ్ళకి చెట్టూ, ఆకుల మధ్య తెల్లటి ఆకారమూ కనిపిస్తాయి, తొట్టి మాత్రం కనబడదు. పెద్దాయన ఏదైనా అడిగితే అందించడానికని నన్ను చెట్టు కింద, మాను వెనకాల ఉండనిచ్చారు.

వెలుతురు వచ్చింది. గువ్వలు వచ్చాయి. ముందు రెండు, తర్వాత ఒక గుంపు. తొట్టి అంచు మీద వాలి, మెడలు చాపి నీళ్ళు తాగుతున్నాయి. తుపాకీ పేలుతుందని నేను చెవులు మూసుకుని ఉన్నాను. పేలలేదు. గురి చూస్తున్నాడేమో అనుకున్నాను. రెండు గువ్వలు లేచి చెట్టు మీదికే వచ్చి వాలాయి. అప్పటికీ లేదు. తల ఎత్తి చూశాను. తుపాకీ కొక్కేనికే ఉంది. కుడి మోకాలు పైకి, తల ఎడమ భుజం మీదికి. ఇంకా చెవి పెట్టి వింటే సన్నగా గురక.

పెద్దాయన నిద్రపోయాడు.

నాకు ఏం చేయాలో తోచలేదు. లేపితే ఉలిక్కిపడి పడతాడు. లేపకపోతే ఎటు ఒరుగుతాడో తెలియదు. కేక వేస్తే కొడుకు వస్తాడు, వస్తే వేట అక్కడితో సరి. ఇంతా చేసి నేను చేసిన పీట సుఖమే ఆయన కొంప ముంచేలా ఉందే అని నన్ను నేను తిట్టుకున్నాను. చెప్పులు వదిలి, మాను వెనక నుంచి ఆయనకి సరిగ్గా కింద, వాలిన కొమ్మల ఆకుల చాటుకి జరిగాను. ముని వేళ్ళ మీద లేచి చేతులు పైకెత్తితే నా వేళ్ళు పీట అడుగుకి బెత్తెడు దూరంలో ఆగాయి. అలాగే నిలబడ్డాను. చేతులు లాగేస్తే ఒకటి దించి ఒకటి ఎత్తాను. పిక్కలు పట్టేశాయి. పైనుంచి గువ్వ రెట్ట పడితే తుడుచుకోలేదు. తాళ్ళ అల్లికలోంచి ఆయన ఎడమ తుంటి బరువు సరిగ్గా నేను వదిలిన గుంటలో దిగి ఉండటం కనిపిస్తోంది. అంత కష్టంలోనూ దాన్ని చూసి సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

సూర్యుడు ఖర్జూర చెట్ల తలల మీదికి వచ్చాడు. ఎండ మొహం మీద పడి పెద్దాయన కదిలాడు. నేను చప్పున మాను వెనక్కి వెళ్ళిపోయాను. ఆయన తుపాకీ తీసుకుని భుజాన వేసుకుని, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగాడు. ఎవరినీ పిలవలేదు. కింద నిలబడి కాలు విదిలించుకున్నాడు. తిమ్మిరి లేదు.

అప్పుడు నేల చూశాడు.

మాను వెనక నా చెప్పులు. అక్కడి నుంచి పీట కిందికి నా అడుగులు. పీట సరిగ్గా కింద మడమలు లేని నా పాదాల గుర్తులు, మునివేళ్ళు మాత్రమే, లోతుగా, ఒకే చోట తొక్కీ తొక్కీ గుంటలు పడి. ఎంతసేపు నిలబడితే ఇసుక అంత లోతు దిగుతుందో ఆయనకి నేను చెప్పాలా? చూస్తూ ఉన్నాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. నేను వాటిని ఇంకా పిసుక్కుంటున్నాను. నా చొక్కా భుజం మీద గువ్వ రెట్ట చూశాడు, తన మోకాలి మీద ఉన్నదీ చూసుకున్నాడు.

కారు తలుపు తెరుచుకుంది. కొడుకు మా వైపు నడిచి వస్తున్నాడు.

పెద్దాయన ఒక అడుగు ముందుకి వేసి, చెప్పుతో నా మునివేళ్ళ గుర్తుల్ని చెరిపేశాడు. తొందరేమీ పడలేదు. ముందు ఎడమ పాదం గుర్తు, తర్వాత కుడి పాదం గుర్తు, ఇసుక చదునయ్యేదాకా. జాడ చెరపకూడదని నాకు నేర్పిన మనిషి. అది చూసేసరికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎండ వంక పెట్టి తుడుచుకున్నాను.

కొడుకు వచ్చి తండ్రి కాళ్ళ వైపు చూశాడు, పీట వైపు చూశాడు. ఇంతసేపు కదలనే లేదే, అన్నాడు. ఒక్కటీ కాల్చలేదేం, అని కూడా అడిగాడని వెనకే వచ్చిన డ్రైవరన్న నాకు చెప్పాడు.

పెద్దాయన కర్ర నా చేతికిచ్చి, కందూరా మోకాలి దగ్గర దులుపుకున్నాడు. నాకూ అర్థం కావాలనేమో, హిందీలోనే అన్నాడు.

"చిడియా మాఫీ. అగ్లా జుమ్మా ఫిర్ బైఠేగా."

పిట్టలు రాలేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ కూర్చుంటాను.